‘ఇంటిదగ్గరే చూసుకోండమ్మా’ అన్నాక...

‘‘ఇంక ఆసుపత్రిలో చేసేదేం లేదు, ఇంటిదగ్గరే చూసుకోండమ్మా’’ అంటారు డాక్టరుగారు. ఆ మాట అనడానికి అరనిమిషం చాలు. కానీ ఆ ‘చూసుకోవడం’లో ఏమేం ఉంటాయో మందుల చీటీమీద రాసివ్వరు. రాత్రి రెండింటికి లేచి తడిసిన పక్క మార్చడం ఉంటుంది. డెబ్భై కిలోల మనిషిని మోకాళ్ళ నొప్పులతో ఉన్న ఇల్లాలు ఒక్కతే పక్కకు ఒత్తిగిల్లజెయ్యడం ఉంటుంది. నోట్లో పెట్టిన ముద్ద మింగారో, బుగ్గన దాచుకున్నారో కనిపెట్టడం ఉంటుంది. నలభై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి ‘నువ్వెవరమ్మా?’ అని అడిగితే ఏదో ఒక జవాబు చెప్పడం కూడా ఉంటుంది.

మన ఇళ్ళల్లో భార్యకన్నా భర్త అయిదు నుంచి పదేళ్ళు పెద్ద. కాబట్టి ఆయన డెబ్భై అయిదో ఏట మంచం పట్టేసరికి ఈవిడకు అరవై అయిదు దాటి ఉంటాయి. బీపీ, షుగరు, నడుంనొప్పి అప్పటికే చుట్టాలై ఉంటాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరమో. చేసేది ఈవిడే. చెప్పేవాళ్ళు మాత్రం ఊరంతా!

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. వీళ్ళలో చాలామందిని చూసుకుంటున్నది ఆసుపత్రులు కాదు, ఇళ్ళే.

కావాలని చేస్తున్నారా?

డిమెన్షియాని మనం చాలాకాలం ‘చాదస్తం’ అనో, ‘పెద్దతనం’ అనో సరిపెట్టుకున్నాం. మెదడులో కణాలు క్రమంగా దెబ్బతినే జబ్బుల వల్ల ఇది వస్తుంది. వాటిలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు మొదటిసారి దాన్ని వివరించాడు. చిన్నచిన్న పక్షవాతాల వల్ల వచ్చే డిమెన్షియా కూడా ఉంది. మొదట పేర్లు మరిచిపోతారు, తర్వాత దారులు, ఆ తర్వాత మనుషులు. జబ్బు ముదిరాక నడక ఎలాగో, మింగడం ఎలాగో, ఒంటేలు ఆపుకోవడం ఎలాగో కూడా మెదడు మరిచిపోతుంది.

ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ అర్థమైతే సగం గొడవలు తగ్గుతాయి. ‘ఇప్పుడే కదా బట్టలు మార్చాను, మళ్ళీ తడిపేశారు, కావాలనే చేస్తున్నారు’ అనిపిస్తుంది. అనిపించడం సహజమే. కానీ కావాలని చెయ్యాలంటే ముందు ఆలోచన ఉండాలి కదా! ఆ ఆలోచనే ఆయన దగ్గర లేదు.

మంచం ఎక్కడ?

వాసన వస్తుందనీ, వచ్చేపోయేవాళ్ళకు ఇబ్బంది అనీ మంచాన్ని వెనకగదిలోకో, వసారాలోకో చేర్చేయడం మనకు అలవాటు. నన్నడిగితే మంచం ఉండాల్సింది ఇంట్లో మాటలు వినిపించేచోట, వెలుగు వచ్చేచోట. పగలు వెలుగు తగిలితే రాత్రి కాస్తయినా నిద్రపడుతుంది. మనుషుల గొంతులు వినిపిస్తే ‘ఎవరూ లేరు’ అన్న భయం తగ్గుతుంది. మీకూ గదికీ వంటింటికీ మధ్య పరుగులు తగ్గుతాయి.

నులకమంచం, నవారు మంచం వద్దు. మధ్యలో కుంగిపోయి మనిషిని తిప్పడం కష్టమవుతుంది. బల్లచెక్క ఉన్న మంచం మంచిది. సొంతంగా కదల్లేని మనిషైతే కోళ్ళకింద గట్టి చెక్కదిమ్మలు పెట్టి, పరుపు మీ నడుం ఎత్తుకు వచ్చేలా చూసుకోండి. వంగి వంగి చేస్తే మీ నడుం ఆర్నెల్లు కూడా ఆగదు. ఇంకా దిగడానికి ప్రయత్నించే మనిషైతే మాత్రం మంచం కిందికే ఉండాలి, పడినా దెబ్బ తగలకుండా. పట్నాల్లో సర్జికల్ షాపులవాళ్ళు ఆసుపత్రి మంచాలు, గాలి పరుపులు నెలవారీ అద్దెకిస్తున్నారు. కొనేముందు అది కనుక్కోండి. గాలి పరుపుకి కరెంటు మోటారు ఉంటుంది. కరెంటు పోయి గాలి దిగిపోయినా ఒళ్ళు చెక్కకు తగలకుండా దానికింద మామూలు పరుపు ఉండాలి.

రెండు గంటలకోసారి

మంచాన పడిన మనిషికి పెద్ద శత్రువు ఆయన బరువే. ఒకేచోట ఒత్తిడి పడితే అక్కడికి రక్తం అందదు, చర్మం చచ్చిపోతుంది. పిరుదుల మధ్య ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం... వీటిని రోజూ చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మనది చామనఛాయ. ఎరుపు తెలియకపోవచ్చు. చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా, ఊదాగా కనిపించినా, చేతికి వేడిగానో గట్టిగానో తగిలినా అనుమానించాలి. అక్కడ నూనె రాసి మర్దనా చెయ్యడం మన పెద్దవాళ్ళ పద్ధతి. అది చెయ్యకండి, లోపలి కండ ఇంకా చితుకుతుంది. రబ్బరు ట్యూబులాంటి రింగుమీద కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు. మధ్యలో ఒత్తిడి తగ్గినా చుట్టూ రక్తం ఆగిపోతుంది.

ఉపాయం ఒక్కటే, రెండు గంటలకోసారి తిప్పడం. ఎడమపక్క, వెల్లకిలా, కుడిపక్క. గోడకు ఓ కాగితం అంటించి వేళలు రాసుకుంటే ‘ఇందాక ఎటు తిప్పాం?’ అన్న తడబాటు ఉండదు. పక్కకి తిప్పినప్పుడు పూర్తిగా తుంటిమీద బరువు వెయ్యకుండా, వీపువెనక దిండు పెట్టి కాస్త ఏటవాలుగా ఉంచాలి. మోకాళ్ళ మధ్య ఓ దిండు, పిక్కల కింద ఇంకో దిండు. మడమలు గాల్లో ఉండాలి.

చేతులు పట్టుకుని పైకి లాగకండి, భుజం కీలు జారుతుంది. పరుపుమీద ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. పాత నూలు పంచె నాలుగు మడతలు పెట్టి భుజాల దగ్గర్నుంచి తొడల దాకా ఒంటికింద పరచండి. ఇద్దరుంటే చెరోపక్కా అంచులు చుట్టి పట్టుకుని, కొద్దిగా ఎత్తి జరపొచ్చు. ఒక్కరే ఉంటే, మీకు దూరంగా ఉన్న ఆయన మోకాలు వంచి, ఒక చెయ్యి ఆ భుజంమీద, ఒక చెయ్యి తుంటిమీద వేసి మీవైపు దొర్లించుకోవాలి. బలం నడుంలోంచి కాదు, మీ మోకాళ్ళు వంచి కాళ్ళల్లోంచి రావాలి. ఒక్కసారి ఎవరైనా నర్సునో, ఫిజియోథెరపిస్టునో పిలిచి ఎదురుగా చేయించుకుని నేర్చుకోండి. ఆ ఫీజు దండగ కాదు. గాలి పరుపు వేశాం కదా అని తిప్పడం మానకూడదు. పుండు లోతుగా ఉంటే, నల్లబడితే, వాసనేస్తే డాక్టరుకు చూపించాల్సిందే.

ఒకటికీ రెంటికీ

అన్నిటికన్నా ఇల్లాలిని కుంగదీసేది ఇదే. ఎవరితోనూ చెప్పుకోలేనిదీ ఇదే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

డైపర్లలో చెడ్డీలా తొడిగేవీ, పక్కన అంటించేవీ అని రెండు రకాలు. మంచాన ఉన్నవాళ్ళకు అంటించేవే వీలు. సైజు నడుం కొలతనుబట్టి తీసుకోవాలి. పెద్దదైతే కారుతుంది, చిన్నదైతే ఒరుస్తుంది. ‘ఇంకా నిండలేదులే’ అని ఉంచకండి. ఒంటేలు తడి మూడు నాలుగు గంటలు, విరేచనం ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. రోజుకు నాలుగైదు డైపర్లంటే మధ్యతరగతి ఇంటికి అదో అద్దెఖర్చు. పగలు మెత్తని నూలుగుడ్డలు, రాత్రి డైపరు వాడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పేం లేదు. కాకపోతే రబ్బరు షీటుమీద తప్పకుండా నూలు దుప్పటి ఉండాలి. రబ్బరు ఒంటికి తగలకూడదు.

మార్చిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, మెత్తనిబట్టతో అద్ది ఆరబెట్టాలి. రుద్దకూడదు. తర్వాత జింక్ ఆక్సైడు క్రీము పల్చగా రాస్తే తడి చర్మానికి తగలదు. పౌడరు మడతల్లో ఉండకట్టి ఒరుసుకుంటుంది. క్రిమిసంహారక మందు చిక్కగా పోసి కడిగితే చర్మం మండిపోతుంది. భార్యను చూసుకునే భర్తలు కూడా ఈ శీర్షిక చదువుతుంటారు కాబట్టి వారికొక మాట. ఆడవారిని ఎప్పుడూ ముందునుంచి వెనక్కే తుడవాలి. లేకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

(ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మంచాన పడిన భార్యకు భర్త సేవ చేస్తే వీధి వీధంతా ‘దేవుడండీ ఆయన’ అంటుంది. అదే పని పదేళ్ళుగా చేస్తున్న ఎదురింటావిడకు ఆ బిరుదు ఎవరూ ఇచ్చినట్టు లేదు.)

మాటిమాటికీ తడుపుతున్నారని నీళ్ళు తగ్గించేవాళ్ళు ఉన్నారు. అది ఎదురుతిరుగుతుంది. ఒంటేలు చిక్కబడి మండుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం మొదలవుతుంది. కావాలంటే పడుకోబోయే ముందు రెండు గంటలు తగ్గించి, ఆ నీళ్ళు పగలే పట్టించండి.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. నాలుగు రోజులుగా సరిగా వెళ్ళని మనిషికి ఉన్నట్టుండి కొద్దికొద్దిగా నీళ్ళ విరేచనం కారుతుంది. ‘విరేచనాలు పట్టుకున్నాయి’ అని ఆగడానికి మాత్ర వేస్తారు. అసలు జరిగింది, లోపల మలం గట్టిపడి అడ్డం పడింది. దాని పక్కనుంచి పల్చనిది జారుతోంది. మాత్ర వేస్తే ఇంకా బిగుసుకుపోతుంది. అందుకే గోడమీది కాగితంలో విరేచనం ఏ రోజు అయిందో కూడా రాసుకోవాలి. మూడు రోజులు దాటితే డాక్టరుతో మాట్లాడాలి. కూర్చోబెట్టగలిగితే, పొద్దున కాఫీ తాగిన తర్వాత కమోడు కుర్చీమీద కాసేపు కూర్చోబెట్టండి. కడుపులో ఏదైనా పడ్డాక పేగులు కదలడం సహజం కాబట్టి ఆ సమయంలో అవుతుంది.

గొట్టం వేయించేస్తే హాయి కదా అని అడుగుతారు చాలామంది. లోపలికి పెట్టే మూత్రపు గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. పైగా అదేమిటో తెలియక ఆయన లాగేసుకుంటే రక్తం పోతుంది. ఒంటేలు బంధిస్తేనో, పుండు తడిసి మానకపోతేనో డాక్టరే చెప్తారు. మన సౌకర్యం కోసం మాత్రం వద్దు. మగవాళ్ళకు పైన తొడిగే కండోమ్ క్యాథటర్ ఉంది. రోజూ మార్చి, వాపు, ఒరుపు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఇక... డైపరులో చెయ్యిపెట్టి తీసి దుప్పటికీ, గోడకీ పూయడం. ఇది మీ ఇంట్లోనే జరుగుతోందని సిగ్గుపడకండి. ఈ జబ్బున్న ఎన్నో ఇళ్ళల్లో జరిగేదే. అక్కడేదో తడిగా, చిరాగ్గా ఉంది, తీసేయాలి అన్నంతవరకే ఆయనకు తెలుస్తుంది. అరిస్తే భయపడతారు, కారణం మాత్రం తెలియదు. ముందు చేతులు తుడవండి, తర్వాత గోడ. దురద ఉందా, మలబద్ధకమా, మార్చడం ఆలస్యమవుతోందా చూడండి. వెనక ముళ్ళు వేసే పొడుగు చొక్కా తొడిగితే చెయ్యి అంత తేలిగ్గా వెళ్ళదు. చేతికి మడతపెట్టుకోవడానికి ఓ తువ్వాలు ఇచ్చినా గంటసేపు దానితోనే ఉంటారు. గోళ్ళు మాత్రం పొట్టిగా కత్తిరించి ఉంచండి.

వాడిన డైపరును పాతపేపర్లో చుట్టి, చెత్తబండివాళ్ళకు విడిగా ఇవ్వాలి. దొడ్లో కాల్చడం, కాలవలో పడెయ్యడం వద్దు.

ముద్ద

పడుకోబెట్టి తినిపించడం ప్రమాదం. దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, మీరూ ఎదురుగా కూర్చుని పెట్టండి. నిలబడి పెడితే తల పైకెత్తుతారు, పొలమారుతుంది. చిన్న ముద్ద, మింగాక ఇంకోటి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. మంచినీళ్ళకే ఎక్కువ పొలమారుతుంది. గంజి, చిక్కని రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం తేలిగ్గా దిగుతాయి. సాంబారులో ములక్కాడ, చారులో కరివేపాకు, పోపులో ఆవాలు తీసేయండి. పడుకోబెట్టేముందు బుగ్గల్లో మెతుకులు మిగిలాయేమో వేలికి తడిగుడ్డ చుట్టి తుడవాలి. కట్టుడుపళ్ళుంటే రాత్రి తీసేయాలి. నోరు శుభ్రంగా ఉంటే ఊపిరితిత్తుల్లో నిమ్ముచేరే ప్రమాదం కూడా తగ్గుతుంది.

చివరి దశలో ముద్ద మింగడమే మరిచిపోయినప్పుడు ముక్కులోంచి గొట్టం వెయ్యాలా అన్న ప్రశ్న వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టంతో ఆహారం పంపడం వల్ల ఆయుష్షు పెరుగుతుందనిగానీ, నిమ్ము ఆగుతుందనిగానీ రుజువు లేదు. ఓపికున్నంతవరకు చేత్తో పెట్టడమే మంచిదని అమెరికాలోని వృద్ధాప్య వైద్యుల సంఘం కూడా చెప్పింది. రెండు ముద్దలు తిని చాలన్నారంటే మీరు కడుపు మాడుస్తున్నట్టు కాదు. చుట్టాలు ఏమన్నా సరే!

‘అక్కా’ అని పిలిస్తే...

మాకు తెలిసిన ఒకావిడను భర్త ఒకరోజు ‘అక్కా’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన అక్క పోయి ముప్ఫయ్యేళ్ళయింది. మొదట్లో ఆవిడ ‘నేనండీ, మీ భార్యని’ అని చెప్పి చెప్పి ఏడ్చేవారు. చెప్పినకొద్దీ ఆయన కంగారుపడేవారు. తర్వాత ఆవిడే ఆపేశారు. అక్క పెడితే అన్నం తింటారు, అక్క తుడిస్తే చెయ్యి విసరరు. అక్కగానే ఉంటున్నారు. మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక పెళ్ళి ఫొటో తీసి చూసుకుంటారట.

బట్టలు మార్చేటప్పుడు కొట్టడం, గిచ్చడం, తిట్టడం కూడా ఇక్కడినుంచే వస్తాయి. ఎవరో తెలియని మనిషి వచ్చి పంచె లాగేస్తుంటే ఎవరు ఊరుకుంటారు? వెనకనుంచి చెయ్యి వెయ్యకండి. ఎదురుగా వచ్చి, ఆయన కంట్లో పడి, ‘ఇప్పుడు కాలు తుడుస్తాను’ అని చెప్పి అప్పుడు ముట్టుకోండి. తుడుస్తున్నచోటు తప్ప మిగతాదంతా దుప్పటి కప్పి ఉంచండి. నీళ్ళు వెచ్చగా ఉండాలి. ఆయనకు ఇష్టమైన ఘంటసాల పాటో, సుప్రభాతమో పెట్టండి. మాటలు పోయినా పాటలు చాలాకాలం ఉంటాయి. మరీ మొండికేస్తే ఓ పావుగంట వదిలేసి మళ్ళీ రండి. ఇందాకటి కోపం ఆయనకు గుర్తుండదు.

మరి ఆవిడ?

పరామర్శకు వచ్చినవాళ్ళంతా మంచంవైపు చూసి ‘ఎలా ఉన్నారు?’ అంటారు. పక్కన నిలబడ్డావిణ్ణి ఎవరూ అడగరు. రాత్రి నిద్ర లేక, వేసుకోవాల్సిన బీపీ మాత్ర మరిచిపోయి, గుడికి వెళ్ళి ఏడాదై, పెళ్ళిళ్ళకు ‘రాలేనమ్మా’ అని చెప్పి చెప్పి... ఒకోసారి చెయ్యి జారి ఓ దెబ్బ కూడా వేస్తారు. తర్వాత కుమిలిపోతారు. ‘ఈయన ఎప్పుడు వెళ్ళిపోతారో’ అన్న ఆలోచన వచ్చి, ఛీ అని లెంపలు వేసుకుంటారు. ఆ ఆలోచన రాని ఇల్లాలు అరుదు. అది పాపం కాదు, అలసట. చెయ్యి లేచేదాకా వచ్చిందనిపిస్తే ఆయన పడిపోకుండా ఉన్నారని చూసి, గదిలోంచి బయటికి వచ్చి ఓ పది నిమిషాలు కూర్చోండి. నిద్ర పట్టక, దేనిమీదా మనసు లేక వారాలు గడుస్తుంటే మీరూ డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

కొడుకులు వీడియో కాల్‌లో సలహాలు బాగా చెప్తారు. వాళ్ళను సలహా కాదు, పదిరోజులు అడగండి. ఏడాదికి రెండుసార్లు వచ్చి పూర్తిగా బాధ్యత తీసుకోమనండి. ఆ పదిరోజులూ మీరు ఏ చెల్లెలింటికో వెళ్ళండి. కోడలు చేస్తుందిలే అనుకోవద్దు. తండ్రి డైపరు మార్చడం కొడుకు నేర్చుకోవాలి. బరువెత్తగలిగేదీ అతనే, ఆయనకు బిడియం తక్కువయ్యేదీ అతని దగ్గరే. ఆయాను పెట్టుకోగలిగితే పెట్టుకోండి. రాత్రిపూటకు పెట్టుకుంటే మీకు నిద్ర దొరుకుతుంది, అదే ముఖ్యం. వచ్చిన మొదటి రెండు రోజులు తిప్పడం, తినిపించడం మీ ఎదురుగా చేయించి చూడండి. ఇవేవీ కుదరక, పడకమీది రోగులను తీసుకునే హోముకు పంపితే అది ఆయన్ని వదిలించుకోవడం కాదు. పంపేముందు ఒకసారి చెప్పకుండా వెళ్ళి, అక్కడి దుప్పట్లు, మడమలు చూసిరండి.

కాగితాలు, కబుర్లు

పింఛను వచ్చే మనిషైతే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ గురించి దిగులుపడనక్కర్లేదు. 2020 నుంచి పోస్ట్‌మ్యానే ఇంటికి వచ్చి వేలిముద్రతో తీసుకునే సదుపాయం ఉంది. స్వల్ప రుసుము తీసుకుంటారు. ఆయన ఇంకా సంతకం పెట్టగలిగి, అర్థం చేసుకోగలిగిన దశలోనే బ్యాంకు ఖాతాలు జాయింటు చేయించుకోవడం మంచిది. తర్వాత కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును 2024లో నెలకు 15 వేల రూపాయలకు పెంచారు. మతిమరుపు ఒక్కటే ఉంటే దీనికి సరిపోదు. పక్షవాతం కూడా ఉన్నవారు సచివాలయంలో అడగొచ్చు. తెలంగాణలో మంచాన ఉన్నవారిని ఇళ్ళకు వెళ్ళి చూడటానికి ‘ఆలన’ పేరుతో బృందాలను ఏర్పాటు చేశారు. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉందేమో కనుక్కోండి. పుండ్లకు కట్టు, నొప్పికి మందు, గొట్టాలు మార్చడం వాళ్ళ పనే. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీకి హైదరాబాదులో కూడా శాఖ ఉంది.

జ్వరం, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాయడం, ఎనిమిది గంటలుగా ఒంటేలు రాక పొట్ట ఉబ్బడం, నిన్నటిదాకా ఉన్నట్టు కాక ఉన్నట్టుండి మగతగానో, మరీ గందరగోళంగానో మారడం... వీటిని ‘జబ్బు ముదిరింది’ అని వదిలేయకండి. చాలాసార్లు అది మూత్రంలో ఇన్‌ఫెక్షనో, నిమ్మో అయి ఉంటుంది. మందుతో తగ్గుతుంది. వెంటనే డాక్టరును పిలవండి.

పెద్దవాళ్ళకు సంబంధించిన ఏ సమాచారానికైనా 14567కు ఫోను చెయ్యొచ్చు. ఇది ఎల్డర్ లైన్, డబ్బులు పడవు. ఇక మీకే మనసు బాగాలేక ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే 14416, టెలిమానస్. అర్ధరాత్రి అయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.